అరవై రోజుల బండి

ఊడ్చిన చోటే మళ్ళీ రాలుతున్నాయి. షెడ్డు ముందున్న నీలగిరి చెట్టు మీద కాకతువ్వలు చేరి పొద్దుటి నుంచీ కాయలు కొరికి కిందికి వదులుతున్నాయి. గచ్చు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఊడ్చి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పది కాయలు. మార్చి నెల ఆదివారాలు చీపురు నా చేతిలోనే ఉంటుంది. బండి కింద వెల్లకిలా పడుకున్నప్పుడు అమ్మ వీపుకి ఒక్క కాయ గుచ్చుకున్నా ఆ రోజు ఏ బండీ బాగుండదు.

అమ్మ పేరు గ్లెనిస్. మా ఊరు బిండాలీలోని పాత బండ్ల క్లబ్బుకి పదకొండేళ్ళుగా రిజిస్ట్రారు. జీతం లేని పని. ముప్పై ఏళ్ళు దాటి, సొంతదారు చేతిలో మార్పులు పొందిన బండ్లకి మామూలు రిజిస్ట్రేషను తేలిగ్గా రాదు. వాటికి వేరే రకం నంబరు ప్లేటు ఇస్తారు. ఆ ప్లేటుతో ఏడాదికి అరవై రోజులు మాత్రమే రోడ్డెక్కాలి. దానితోపాటు ఒక పుస్తకం, పుస్తకంలో అరవై వరసలు. ఇంజను తిప్పకముందే ఆ రోజు తేదీ, మీటరు మీది అంకె రాసి సంతకం పెట్టాలి. రోజుకి ఒక వరస. రాయకుండా వీధిలోకి వస్తే అసలు రిజిస్ట్రేషనే లేని బండి కింద లెక్క.

ఏడాది చివర క్లబ్బు బండిని చూసి, పుస్తకం చూసి, సరిగ్గా ఉందని ముద్ర వేస్తేనే మరుసటి ఏడాదికి ప్లేటు. ఆ ముద్ర మా వంటింట్లో, బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. డన్‌స్టన్ క్రీక్ వాళ్ళ క్లబ్బులో ఒకాయన మొహమాటానికి చూడకుండా ముద్రలు వేశాడని వాళ్ళకి ఆ హక్కే తీసేశారు. నలభై ఒక్క బండ్లు ఏడాదిపాటు షెడ్లలో పడి ఉన్నాయి. అమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పదు కానీ, డబ్బా తీసే ప్రతిసారీ ఆ సంగతే తలుచుకుంటుందని నాకు తెలుసు.

మూడో వీధిలోంచి ఆల్బీ క్విల్టీ వ్యాగన్ వస్తున్న చప్పుడు వినిపించగానే చీపురు గోడకి ఆనించాను.

పంతొమ్మిది వందల అరవై అయిదు నాటి హోల్డెన్ వ్యాగన్ అది, ఇక్కడే ఆస్ట్రేలియాలో తయారైన పొడవాటి కారు. ఆల్బీ వడ్రంగి. కర్రకే కాదు, ఇనుముకీ ఆయన చెయ్యి మెత్తన. రెండేళ్ళ కిందట భార్య ఓరియల్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మామూలు కార్లో సీటు మరీ కిందికి ఉంటుంది. ఆ ఏడు చలికాలంలో ఎవరిదో కార్లోంచి దిగబోయి పడిపోయింది. ఊరి బస్సు మెట్లు ఎక్కలేదు. ఆల్బీ ఎనిమిది నెలలు కూర్చుని ఈ వ్యాగన్‌లో ఒక పని చేశాడు. ముందు సీటు తీసేసి, మూతబడ్డ మంగలి షాపులోంచి తెచ్చిన తిరుగుడు కుర్చీ దిమ్మ బిగించాడు. మీట నొక్కితే సీటు తలుపులోంచి బయటికి తిరుగుతుంది, కొద్దిగా పైకి లేస్తుంది. ఓరియల్ కూర్చుని ఎడమ చేత్తో తనే మీట నొక్కుకుంటే మళ్ళీ లోపలికి.

ఇంజినీరు వచ్చి సీటు బోల్టులన్నీ లాగి చూసి కాగితం రాసిచ్చాడు. కాకపోతే అరవై రోజుల ప్లేటుకి మాత్రమే. బండి రోజూ తిరిగేలా మామూలు రిజిస్ట్రేషను రావాలంటే ముందు చక్రాలకి పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి, అరవై ఏడు మోడల్లో వచ్చిన డిస్కు బ్రేకులు వెయ్యాలన్నాడు. ఆల్బీ ఏడాదిగా వాటికోసం తిరగని పాత సామాన్ల దుకాణం లేదు.

"రిజిస్ట్రారమ్మా, బండి కింద పడక సిద్ధం చేశావా?" అంటూ ఆల్బీ దిగాడు. చెవి మీద వడ్రంగి పెన్సిలు, చేతిలో ఖర్జూరాల కేకు.

"కేకు లంచమా?" అంది అమ్మ.

"లంచమైతే నేను చెయ్యను, కొనుక్కొస్తాను. ఇది శిక్ష."

అమ్మ నవ్వకుండా బండి కిందికి దూరింది. టార్చి వెలుగు గచ్చు మీద అటూ ఇటూ పాకింది. నేను బండిలో కూర్చున్న ఓరియల్ వైపు వెళ్ళి, "బాగున్నారా మిసెస్ క్విల్టీ?" అన్నాను. చిన్నప్పుడు బడిలో ఆవిడ మా టీచరుగా ఉన్నప్పటి పిలుపు. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చినా మారలేదు. ఆవిడ ఎడమ చెయ్యి పైకెత్తింది. మాటలు ఇప్పుడు ఒకటీ రెండూ వస్తాయి. మిగతావి ఆవిడ కళ్ళలో కనబడతాయి కానీ నోటిదాకా రావు.

"ముందు బ్రేకులు బాగా సర్దావు," అని కింద నుంచి అమ్మ గొంతు.

"సర్దక ఏం చెయ్యను? నీ బండికున్నట్టు నాకు డిస్కులు ఉన్నాయా?"

షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉన్న అమ్మ బండి వైపు ఆల్బీ గడ్డంతో చూపించాడు. అది అరవై ఏడు నాటిది. దాని ముందు డిస్కుల కోసం అమ్మ ఆరేళ్ళు వెతికింది. చివరికి తొమ్మిది గంటల దూరంలో ఒక ఎండిపోయిన పొలంలో దొరికాయి. అమ్మ తన అరవై రోజుల్లో ఎప్పుడూ పదో పన్నెండో దాచుకుంటుంది. ఈస్టరుకి క్లబ్బు బండ్లన్నీ వరసగా సముద్రం దాకా వెళతాయి. ఆ ప్రయాణం కోసమే ఏడాదంతా బతుకుతుందని నాన్న ఉన్న రోజుల్లో వేళాకోళం చేసేవాడు.

"ఏదో ఒక ఆదివారం నువ్వు చర్చికి వెళ్ళినప్పుడు ఊడదీసుకుపోతా," అన్నాడు ఆల్బీ.

"నేను చర్చికి వెళ్ళను."

"అదే కదా నా ఖర్మ."

అమ్మ బయటికి వచ్చి మోచేతులు దులుపుకుంది. "బండి బాగుంది. లోపలికి రా, పుస్తకం చూద్దాం."

ఓరియల్ బండిలోనే ఉంటానన్నట్టు తల ఊపింది. మెట్లు రెండే అయినా ఆవిడకి అది పెద్ద ప్రయాణం.

వంటింట్లో అమ్మ కెటిల్ పెట్టింది. పుస్తకంలోని తేదీలు, మీటరు అంకెలు క్లబ్బు ఫైలులోకి ఎత్తి రాయడం నా పని. ఆల్బీ పుస్తకమంతా లావు పెన్సిలు రాత. కిందటేడూ అమ్మ దీని మీద గొడవపడింది.

"పెన్నుతో రాయమన్నాను కదా?"

"డాష్‌బోర్డులో పెట్టిన పెన్ను ఎండకి రెండు రోజుల్లో ఎండిపోతుంది. పెన్సిలు నా చెవి మీద ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."

నేను రాసుకుంటూ పోయాను. మొదటి వరసలో 71,204. ఆ బండి మీటరు మైళ్ళలో చూపిస్తుంది. రెండో వరసలో 71,242. ముప్పై ఎనిమిది మైళ్ళు. విల్గా బెండ్ ఆసుపత్రి దాకా పోయి రావడానికి అంతే. అక్కడ వేడినీళ్ళ కొలనులో మంగళవారం, శుక్రవారం ఓరియల్ చేత వ్యాయామం చేయిస్తారు. మూడో వరసలో 71,356.

నా చెయ్యి ఆగింది. ఒక్క రోజులో నూట పధ్నాలుగు మైళ్ళు. ఓరియల్‌ని తీసుకుని ఆల్బీ అంత దూరం ఎక్కడికి వెళ్ళి ఉంటాడు? మూడుసార్లు ముప్పై ఎనిమిది నూట పధ్నాలుగు.

ఇంకొన్ని వరసలు దిగాను. కొన్ని చోట్ల ముప్పై ఎనిమిది, కొన్ని చోట్ల డెబ్బై ఆరు. కాగితం మీద వేలు జరిపితే కొన్ని వరసలు నున్నగా, కొన్ని నూగుగా ఉన్నాయి. నూగుగా ఉన్న చోట ఇప్పటి రాత కింద పాత రాత నీడలా ఉంది. రాసి, చెరిపి, ఆ చెరిపిన చోటే మళ్ళీ రాశారు.

అరవయ్యో వరస ఇవాళ్టిది, మా ఇంటికి వచ్చిన ప్రయాణం. 74,472. ఫైలు అంచున చిన్నగా లెక్క వేశాను. మొత్తం 3,268 మైళ్ళు. ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఎనభై ఆరు ప్రయాణాలు, శేషం ఏమీ లేదు. పుస్తకంలో ఇవాళ్టిది కాక ఉన్నవి యాభై తొమ్మిది. ఇరవై ఏడు రోజులు పుస్తకంలో లేవు.

శేషం లేకపోవడమే నన్ను ఎక్కువ సేపు ఆపింది. చెరిపిన రోజుల్లో కూడా ఆ బండి కొలనుకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ఒక సంతకి గానీ, నది ఒడ్డుకి గానీ, ఒక్క మైలు కూడా అదనంగా తిరగలేదు.

తలెత్తితే అమ్మ నా భుజం మీదుగా ఆ లెక్కే చూస్తోంది.

"టీ చల్లారుతోంది," అంది మెల్లగా. "ఓరియల్‌కి ఇచ్చి రా."

కప్పూ, కేకు ముక్కా పట్టుకుని బయటికి వెళ్ళాను. ఓరియల్ సీటు బయటికి తిప్పుకుని ఎండలో కూర్చుంది. ఒళ్ళో ఊలు దుప్పటి, దాని మీద చేతిసంచి. టీ అందించడానికి వంగితే దుప్పటి అల్లికలో ఏవో గులాబీరంగు నలుసులు కనిపించాయి. సీటు దిమ్మ చుట్టూ ఉన్న గాడిలో కూడా పేరుకుని ఉన్నాయి. ఒకటి వేలితో అద్ది చూశాను. రబ్బరు పొట్టు.

మా బడిలో మొత్తం పదకొండు మందిమి, టీచరు ఒక్కతే. ఏడాది మొదటి రోజున మిసెస్ క్విల్టీ ఒక గాజు సీసా పట్టుకుని బల్లల మధ్య నడిచేది. మా దగ్గరున్న రబ్బరులన్నీ అందులో వెయ్యాలి. క్రిస్మస్ సెలవులకి తిరిగి ఇచ్చేది. "తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గియ్యండి. పక్కన సరైనది రాయండి. తప్పు కనబడాలి. కనబడని తప్పు మళ్ళీ చేస్తారు." కొందరు రబ్బరులు తీసుకోకుండానే బడి మారిపోయేవారు. సీసా అడుగున ఎప్పుడూ అయిదారు మిగిలి ఉండేవి. గులాబీరంగువి.

నేను తలెత్తేసరికి ఆవిడ నన్నే చూస్తోంది. ఏ పిల్లవాడు దిక్కులు చూస్తున్నాడో కనిపెట్టే పాత చూపే. కాకపోతే ఈసారి ముందుగా చూపు దించుకున్నది ఆవిడ.

"మిసెస్ క్విల్టీ," అన్నాను. కప్పు ఆవిడ ఎడమ చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను.

అమ్మ పుస్తకాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని ఉంది. ఆల్బీ చేతులు బల్ల మీద పరిచి కూర్చున్నాడు.

"ఇరవై ఏడు, ఆల్బీ."

"లెక్క నువ్వే చూశావు కదా."

"నువ్వు చెప్పు."

"ఏముంది చెప్పడానికి? చెరిపాను. వారానికి రెండు రోజులు కొలను. ఏడాదికి ఎన్నయ్యాయి? వాళ్ళు ఇచ్చింది అరవై. సెప్టెంబరుకే అయిపోయేవి. అప్పుడు ఆవిడకి ఏమని చెప్పను, మార్చి దాకా నడవకు అనా?"

"నా దగ్గరికి రావాల్సింది."

"వస్తే ఏం చేసేదానివి? నీ డబ్బాలో అరవై ఒకటో వరస ఉందా?"

అమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది. "క్లబ్బులో నలభై మంది ఉన్నారు ఆల్బీ. ఈ పుస్తకం మీద నేను ముద్ర వేసి, రేపు ఎవరైనా ఇదే లెక్క వేస్తే నలభై మంది ఇళ్ళలో కూర్చుంటారు."

"వెయ్యమని నేను అన్నానా? వెయ్యకు. నేను చేశాను, నా పేరు రాసుకో."

నేను స్టవ్వు పక్కన నిలబడ్డాను. రబ్బరు పొట్టు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పడం నా పని కాదనిపించింది. చెప్పకపోవడమూ సరిగ్గా లేదు.

బయట సీటు కిర్రుమన్న చప్పుడు, దాని వెనక చేతికర్ర గచ్చు మీద ఆనిన చప్పుడు వినిపించాయి. ఆల్బీ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ నడిచేటప్పుడు ఎవరూ సాయానికి వెళ్ళకూడదు. కర్ర, అడుగు, ఈడ్చిన అడుగు. మొదటి మెట్టు దగ్గర చాలాసేపు ఏమీ వినిపించలేదు. రెండో మెట్టు. దోమల జాలీ తలుపు తెరుచుకుంది. ముగ్గురం కేకు వైపే చూస్తూ ఉండిపోయాం.

ఓరియల్ బల్ల దాకా వచ్చి అంచు పట్టుకుంది.

"ఆల్బీ... కాదు," అంది. ఊపిరి తీసుకుంది. "నేను."

అమ్మ ఒకసారి ఆవిడ వైపూ, ఒకసారి ఆల్బీ వైపూ చూసింది. "నీకు తెలుసా?"

ఆల్బీ పెన్సిలు చెవి మీంచి తీసి బల్ల మీద దొర్లించాడు. "నేను ప్రతిసారీ రాసే ఇంజను తిప్పాను. తర్వాతిసారి తెరిస్తే కిందటిసారి రాసిన వరస ఖాళీ. మొదటిసారి నాకే మతిపోయిందనుకున్నాను. మూడోసారికి అర్థమైంది. నేను మందుల షాపులోకి వెళ్ళినప్పుడల్లా పుస్తకం ఆవిడ ఒళ్ళోనే ఉండేది."

"అడగలేదా?"

"ఏమని అడగను గ్లెనిస్? చొక్కా బొత్తాం నేను పెడతాను, రొట్టెకి వెన్న నేను రాస్తాను. ఈ రెండేళ్ళలో ఎవరి సాయం లేకుండా ఆవిడ తనంత తాను చేసిన పని అదొక్కటే. ఎలా వద్దనను?"

ఓరియల్ కుర్చీలోకి దిగింది. ఎడమ చేత్తో సంచి తెరిచి ఒక మడతల కార్డు తీసింది. కొలను దగ్గర ఇచ్చేది. వెళ్ళిన ప్రతిసారీ అక్కడివాళ్ళు తేదీ వేస్తారు. దాన్ని పుస్తకం పక్కన పరిచి నా వైపు చూసింది.

"పెన్ను," అంది.

నీలం పెన్ను ఇచ్చాను. పుస్తకం చివర ఖాళీగా ఉన్న పేజీ తిప్పింది. కార్డులో ఒక తేదీ మీద వేలు పెట్టి, అది పుస్తకంలో ఉందో లేదో వెతికి, లేకపోతే రాయడం మొదలుపెట్టింది. ఒకప్పుడు నల్లబల్ల మీద గీత గీసినట్టు రాసే మనిషి. ఇప్పుడు ఎడమ చేతి అక్షరాలు పెద్దవిగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తున్నాయి. ఆల్బీ ఒకసారి కార్డు పట్టుకుని తేదీ చదవబోయాడు. ఆవిడ పెన్నుతో ఆయన వేళ్ళ మీద కొట్టింది.

"బడిలో కూడా ఇంతే కొట్టేదా పిల్లా?" అన్నాడు నాతో.

"బడిలో స్కేలు ఉండేది," అన్నాను.

ఓరియల్ పెదవి ఒకవైపు పైకి లేచింది. రెండోవైపు లేవదు.

టీ మళ్ళీ పెట్టాను. కేకు కోశాను. ఎవరూ తినలేదు, తర్వాత ఆల్బీ ఒక్కడే తిన్నాడు, శిక్షేనని ఒప్పుకున్నాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ బల్ల మీంచి నేల మీదికి దిగింది. పద్ధెనిమిదో తేదీ దగ్గర ఓరియల్ చెయ్యి ఆగింది. ఆగస్టుకి బదులు జూలై అని రాసింది. కాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. ఆవిడ సంచి తెరిచే ఉంది. లోపల రుమాలు పక్కన గులాబీరంగు రబ్బరు అరిగిపోయి గుండ్రంగా కనబడుతోంది.

జూలై మీద ఒక్క గీత గీసింది. పక్కన ఆగస్టు అని రాసింది.

నేను కెటిల్ వైపు తిరిగి, అప్పటికే నిండుగా ఉన్న దాన్ని మళ్ళీ నింపాను.

ఇరవై ఏడూ అయ్యాక ఓరియల్ కింద సంతకం పెట్టి పుస్తకం అమ్మ వైపు జరిపింది. ఒకప్పుడు అమ్మ తన కాపీ పుస్తకం ఆవిడ ముందు జరిపి ఉంటుంది. అమ్మ కూడా ఆ బడి పిల్లే. అమ్మ ప్రతి వరసా చదివింది. పైకి చదవలేదు కానీ పెదవులు కదిలాయి.

"ఇది ఇలాగే పంపుతాను," అంది చివరికి. "ఉన్నది ఉన్నట్టు. ముద్ర వెయ్యను ఓరియల్. వెయ్యలేను."

ఓరియల్ తల ఊపింది.

"వచ్చే ఏడాదికి ప్లేటు రాదు. ఆ తర్వాత ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు."

"తెలుసు," అంది ఓరియల్. ఆ ఒక్క మాట స్పష్టంగా వచ్చింది.

ఆల్బీ కార్డు మడతపెట్టి ఆవిడ సంచిలో పెట్టాడు. "మంగళవారం లోపు ఏదో ఒకటి చూస్తాను. మన ఊళ్ళో టేలర్ కుటుంబం వ్యాను ఉంది కదా. వెనకాల పరుపు వేస్తే..." అని మధ్యలో ఆపేశాడు. పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళితే ఊరుకునే మనిషి కాదు ఓరియల్. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు.

అమ్మ ముద్రని గుడ్డతో తుడిచింది. వాడని ముద్రని ఎందుకు తుడిచిందో మరి. బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత నొక్కింది. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడి నుంచి వ్యాగన్ కనిపిస్తుంది, తెరిచిన తలుపు, బయటికి తిరిగి ఉన్న ఖాళీ సీటు. దాని వెనక షెడ్డు, షెడ్డులో దుప్పటి కింద అమ్మ బండి. వ్యాగన్ ముందు చక్రం వైపు చూసింది. దుప్పటి కింద నుంచి కనిపిస్తున్న తన బండి ముందు చక్రం వైపు చూసింది. గోడ మీద క్యాలెండరులో ఈస్టరు వారం చుట్టూ తను గీసుకున్న ఎర్ర గీత పక్కనే ఉంది. దాని వైపు చూడలేదు.

"గ్లెనిస్, నువ్వు బాధపడకు. నిన్ను ఎవరూ..." అని ఆల్బీ మొదలుపెట్టాడు. ఓరియల్ పెన్నుతో బల్ల మీద ఒక్కసారి తట్టింది. ఆయన ఆగిపోయాడు.

తలుపు వెనక మేకుకి వేలాడుతున్న పాత కోటు అమ్మ తొడుక్కుంది. చేతులు మోచేతుల దాకా మడిచింది. వంగి, బూట్ల పక్కనున్న జాకీని ఒక చేత్తో, చక్రాల బోల్టులు విప్పే స్పానరుని ఇంకో చేత్తో తీసుకుంది. మా ఎవరి వైపూ చూడకుండా, జాలీ తలుపుని భుజంతో నెట్టుకుని షెడ్డులోని తన బండి వైపు వెళ్ళిపోయింది.